మైలుకు అడుగు వాలు

తణుకులో రైలెక్కి అత్తిలి మీదుగా భీమవరం వెళ్తుంటే కిటికీలోంచి కనిపించే నేలకి ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కనుచూపు మేర వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు, అక్కడక్కడ రైసుమిల్లు గొట్టం, మధ్యలో చేపల చెరువుల మీద ఎండ. చూసినవాళ్లు "అంతా గోదారమ్మ చలవ" అనేస్తారు. ఆ మాట అబద్ధం కాదు, కాకపోతే సగమే. 1830ల్లో కూడా గోదావరి ఇక్కడే ఉంది. అదే గోదావరి ఒడ్డున వరస కరువులకి ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయిపోయాయి. 1821 నుంచి 1841 దాకా అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా పెరగకపోగా బాగా పడిపోయింది. ఊళ్లో ఏరుండటం వేరు, ఆ నీరు చేలోకి రావడం వేరు, వచ్చిన నీరు వేళకి చేను విడిచి పోవడం ఇంకా వేరు. ఈ మూడింటి నడుమ ఉన్నదంతా మనుషుల పనితనం. పశ్చిమ డెల్టాని చూడవలసింది అందుకే, చేతిపనిని చూసినట్టు, దగ్గరికెళ్లి.

ముందు నేల సంగతి. గోదావరి పడమటి ఒడ్డున విజ్జేశ్వరం దగ్గర కాలువలోకి దిగిన నీరు నరసాపురం వైపో, ఉప్పుటేరు వైపో సముద్రం చేరేలోపు దిగవలసిన వాలు మైలుకి అడుగో, అంతకన్నా తక్కువో. నిలబడి చూస్తే కంటికి ఆనదు. నీటికి మాత్రం ఆనుతుంది. పైగా ఈ వాలు మనం అనుకునే దిక్కుకి ఉండదు. మామూలు చోట ఏరు పల్లంలో పారుతుంది, చుట్టూ నేల మెరకగా ఉంటుంది. డెల్టాలో తల్లకిందులు. వేల ఏళ్లుగా వరద వచ్చినప్పుడల్లా ఏరు పొంగి, బరువైన ఇసుకని, ముతక మట్టిని ఒడ్డునే దింపేసి, సన్నటి బంకమన్నుని దూరంగా మోసుకుపోయింది. అందువల్ల ఏటి ఒడ్డే మెరక, ఏటికి ఎడమైన కొద్దీ పల్లం. ఇటు గోదావరి, అటు కృష్ణ ఎవరి పక్క వారు మట్టి పోసుకుంటూ పోగా, నడుమ పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా నిర్మాణమంతా దానంతటదే అర్థమవుతుంది. ఏటి పక్క మెరక మీద నీరు అందుకుని, మెరకనే పట్టుకుని కాలువ తవ్వుకుంటూ పోతే, రెండు పక్కలా చేలకి నీరు తనంతట తాను దిగుతుంది. మోటలక్కర్లేదు, పంపులక్కర్లేదు. రెండు మెరకల నడుమ పల్లంలో మురుగు కాలువ తవ్వితే, చేలో మిగిలిన నీరు మళ్లీ తనంతట తాను అందులో పడుతుంది. పంట కాలువలు పైనుంచి, మురుగు కాలువలు కిందనుంచి, రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి చొప్పించినట్టు ఉంటాయి. ఎక్కడా పంట కాలువ మురుగులోకి వృథాగా పోకూడదు, మురుగు పంట కాలువని తాకకూడదు. సుమారు 5.3 లక్షల ఎకరాల పశ్చిమ డెల్టా మొత్తం ఈ ఒక్క ఒప్పందం మీద నడుస్తోంది.

ఆనకట్ట కథ అందరికీ తెలిసిందే కాబట్టి అందులో నాకు నచ్చిన ముక్క ఒకటే చెప్తాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి అడుగున ఎంత లోతు తవ్వినా ఇసుకే. రాయి తగలదు. రాయి లేనిచోట ఆనకట్ట నిలవదని ఇంగ్లండులో చదువుకున్న ఇంజనీర్లు అనుకునే రోజులవి. ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరి మీద పనిచేశాడు. అక్కడ కరికాల చోళుడి పేర చెప్పుకునే కల్లణై ఒట్టి ఇసుక మీద వందల ఏళ్లుగా నిలబడి ఉండటం కళ్లారా చూశాడు. ఇసుకలో పునాది వేసే విద్య ఈ దేశపు పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. గోదావరిలోనూ అదే చేశాడు. ఇసుకలో తక్కువ లోతు బావులు దింపి, వాటి మీద గోడ లేపి, గోడకి దిగువన పెద్ద పెద్ద రాళ్లని వాలుగా పరుచుకుంటూ పోయాడు. నీరు గోడ దూకి నేరుగా ఇసుకని తవ్వకుండా, రాళ్ల మీద జారి బలం పోగొట్టుకుని వెళ్లిపోతుంది. నదిని ఆపడం ఆయన ఉద్దేశం కాదు. కొంచెం ఎత్తు లేపి, కావలసినంత పక్కకి తిప్పి, మిగతాది పోనిచ్చాడు.

1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. నడుమ లంకలు పోగా నాలుగు ముక్కలుగా, మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు గోడ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆ నాలుగు ముక్కల పేర్లు. కొండ రాయి మోసుకురావడానికి అక్కడ ఇనుప పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకి రైలు నడవకముందు మాట అది. పనివాళ్లని సమకూర్చి, నిలబెట్టి, పని చేయించిన వీణం వీరన్నకి రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చారు. కాటన్ విగ్రహం లేని ఊరు ఈ చుట్టుపక్కల తక్కువ. గోదావరి స్నానం చేయిస్తూ సంకల్పంలో ఆయన పేరు చెప్పే పురోహితులూ ఉన్నారు. వీరన్న విగ్రహాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాళ్లు మోసిన వేలమందికి అదీ లేదు.

ఆ పాత ఆనకట్ట నూటపాతికేళ్లు పని చేసింది. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి 175 గేట్లు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఈ గేట్ల మీదుగానే పోయింది. వానాకాలం రాగానే డెల్టా జనానికి మూడు అంకెలు నోటికొచ్చేస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది.

మన కథ విజ్జేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గర మొదలవుతుంది. అక్కడ దిగిన ప్రధాన కాలువ నిడదవోలు వైపు వచ్చి ఏలూరు కాలువ, నరసాపురం కాలువ, గోస్తనీ–వేల్పూరు కాలువ, అత్తిలి కాలువ, ఉండి కాలువ, వెంకయ్య–వయ్యేరు కాలువ అంటూ చీలిపోతుంది. గోస్తనీ–వేల్పూరు అని ఎవరూ అనరు, జీ అండ్ వీ కాలువంటారు. తణుకు గోస్తనీ ఒడ్డునే పుట్టిన ఊరు. ఊడ్పుల వేళ ఈ కాలువలన్నీ కలిపి ఏడు వేల క్యూసెక్కులదాకా మింగుతాయి.

ఇప్పుడు ఒక లాకు దగ్గర ఆగుదాం. డెల్టాలో 'లాకులు' అంటే ఊరి గుర్తు. బస్సు కండక్టరుతో "లాకుల దగ్గర ఆపండి" అంటే చాలు. ఇప్పుడు ఎక్కువమందికి లాకంటే వంతెన, పక్కన టీ కొట్టు. అసలు పని పడవలది. కాలువ వాలు మరీ ఎక్కువైతే నీరు ఉరికి గట్లు కోసేస్తుంది, పడవ ఎదురెక్కలేదు. అందుకని కాలువని మెట్లు మెట్లుగా తవ్వారు: కొన్ని మైళ్లు దాదాపు సమంగా పారి, ఒక్కచోట నాలుగైదు అడుగులు దిగుతుంది. దిగేచోట లాకు. పడవ దాటడానికి రాతిగది, గదికి ఎగువన రెండు తలుపులు, దిగువన రెండు తలుపులు. పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లో ఉన్న చిన్న తూములు ఎత్తుతారు. గదిలో నీరు మెల్లగా దిగి, దిగువ కాలువ మట్టానికి వస్తుంది. అప్పుడు తలుపులు తీస్తే పడవ తాపీగా వెళ్లిపోతుంది. ఎదురొచ్చే పడవకి ఇదే వరస తిరగేసి చేస్తారు.

ఆ తలుపుల్ని ఒక్కసారి సరిగ్గా చూడాలి. మూసినప్పుడు రెండు రెక్కలూ తిన్నగా ఒక వరసలో ఉండవు. నీరు వచ్చే వైపుకి మొన చూపిస్తూ కోణంగా కలుస్తాయి. ఎగువ నీరు ఎంత బలంగా తోస్తే ఆ రెండు రెక్కలూ అంత గట్టిగా ఒకదానికొకటి హత్తుకుంటాయి. గడియ లేదు, తాళం లేదు, నీటి బరువే తలుపుని మూసి ఉంచుతుంది. తీయాలంటే రెండు వైపులా నీరు సమం కావాలి. సమం కానంత వరకూ పదిమంది తోసినా కదలదు, సమమయ్యాక పొడవాటి దూలాన్ని ఒక మనిషి నడుంతో నెట్టినా తిరుగుతుంది. అంటే తీయకూడని వేళ తీయడం ఎవరి వల్లా కాదు. మనిషి పొరపాటుకి చోటు లేకుండా పనిముట్టుని చేయడం గొప్ప పనివాళ్ల లక్షణం. గది గోడలు గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. పడవల తాళ్లు ఒరుసుకుని రాతి అంచుల్లో పడ్డ గాడులు కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తాయి.

పడవలు పోయాయి. ఒకప్పుడు కాకినాడలో ఎక్కించిన సరుకు గోదావరి కాలువల్లో ఏలూరు వచ్చి, అక్కడ కృష్ణా కాలువ అందుకుని, బెజవాడ దాటి, కొమ్మమూరు కాలువలోంచి బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు చేరేది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. రైలూ లారీ వచ్చాక కాలువకి సాగునీటి పనే మిగిలింది. 2008లో ఇదే దారిని నాలుగో నంబరు జాతీయ జలమార్గమని ప్రకటించారు గానీ ఏలూరు కాలువలో గుర్రపుడెక్క తప్ప ప్రయాణించేదేమీ లేదు.

ఏలూరు కాలువకి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇది డెల్టాకి ఉత్తరపు పొలిమేర. దీనికి దక్షిణాన పల్లపు వరిచేలు, ఉత్తరాన మెట్ట. జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు పొగాకు, పామాయిల్, మామిడి. కాలువ ఆ మెట్ట అంచుని పట్టుకుని అడ్డంగా సాగుతుంది కాబట్టి, మెట్టలోంచి దిగి వచ్చే వాగులన్నీ దాన్ని కోసుకుని పోవాల్సిందే. తాడేపల్లిగూడెం దగ్గర నందమూరులో ఎర్రకాలువ వచ్చి ఇలాగే తగిలింది. రెండింటినీ కలపకూడదు. కలిస్తే వరదలో కాలువ తెగుతుంది, మామూలు రోజుల్లో కాలువ నీరు వాగులో పోతుంది. అందుకని కాలువని తొట్టి కట్టి పైనుంచి దాటించి, వాగుని కిందనుంచి పోనిచ్చారు. ఇదే అక్విడెక్టు. పైన గోదావరి నీరు పడమటికి, కింద ఎర్రకాలువ నీరు దక్షిణానికి. పి.గన్నవరం దగ్గర 49 ఖానాలతో వైనతేయ మీద కట్టిన పాత అక్విడెక్టుకి ఉన్న పేరు నందమూరుకి లేదు. బోర్డు చూసి ఆగేవాళ్లు కూడా తక్కువ. ఎర్రకాలువకి వరద వస్తే మాత్రం నందమూరు పేరు పేపర్లో వస్తుంది. అక్విడెక్టు కింద పట్టనంత నీరొచ్చి చుట్టూ చేలు మునిగాయని. అక్కడ దాటిన వాగే తర్వాత యనమదుర్రు డ్రెయినుగా పేరు మార్చుకుని భీమవరం ఊళ్లోంచి పోతుంది.

పంట కాలువ గురించి అందరూ రాశారు. నా అభిమానం మాత్రం మురుగు కాలువ మీద. యనమదుర్రు, గొంతేరు, నక్కల, కాజ పేర్లు వినసొంపుగా లేవు, వాటి గట్ల మీద విగ్రహాలూ లేవు. నీళ్లు తేవడం ఎంత కష్టమో, తీసేయడం అంతకన్నా కష్టం. తెచ్చేటప్పుడు మెరక మన చేతిలో ఉంటుంది. తీసేటప్పుడు మిగిలింది సముద్రమట్టం, దానికి పైన ఒకటి రెండడుగులు. పోటు వచ్చిందంటే సముద్రమే ఎదురొచ్చి తలుపు వేస్తుంది. తొలినాటి ఇంజనీర్లు నీరు పెట్టడంలో చూపిన శ్రద్ధ మురుగు తీయడంలో చూపలేదనే చెప్పాలి. ఆ లోటు వందేళ్ల తర్వాత, వరద మీద వరద వచ్చాక బయటపడింది. 1960ల్లో మిత్రా నిపుణుల సంఘం కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల మీద అధ్యయనం చేసింది. 1968లో ఆ పనుల ఖర్చుకి రైతుల మీద డ్రెయినేజీ సెస్సు వేస్తూ చట్టమే చేశారు. మురుగు లాగకపోతే ఏమవుతుందో 2011లో పక్కనున్న కోనసీమ చూపించింది. గిట్టుబాటు ధర, కూలీల కొరతతోపాటు ముంపు కూడా ఒక కారణంగా అక్కడి రైతులు సార్వాకి, అంటే వానాకాలపు పంటకి, క్రాప్ హాలిడే ప్రకటించారు. గోదావరి ఒడ్డున నీళ్లుండి సాగు మానేశారు.

కాలువల మీద పనిచేసే లస్కర్ల గురించి ఒక మాట. తూము ఎన్ని అంగుళాలు ఎత్తాలో కాగితం మీద ఇంజనీరు చెప్తాడు; రాత్రి రెండు గంటలకి టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడిచేది లస్కరు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరు తగ్గితే వంతులవారీ పెడతారు. కొన్నాళ్లు ఈ కాలువకి, కొన్నాళ్లు ఆ కాలువకి. శివారు రైతుకి అప్పుడే గుండెలు జారేది.

"ఏవండీ లస్కరు గారూ, మా తూముకి ఇంకా నీరెక్కలేదండీ."

"పైన ఎవరో బోదె కట్టేసుకునుంటారండీ. పొద్దున్నే వచ్చి చూస్తాన్లెండి."

"పొద్దున్నకి మా వంతు అయిపోద్దండీ!"

ఈ సంభాషణ ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో పాలకొల్లు వైపో, ఆకివీడు వైపో ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. ఆ వేళకి గోదావరిలో సొంత నీరు తక్కువ. డెల్టాని ఆదుకునేది సీలేరు. అక్కడ కొండల మీద కరెంటు తీశాక వదిలిన నీరు శబరిలో కలిసి, గోదావరిలోకి దిగి, ధవళేశ్వరం చేరుతుంది. తణుకు దగ్గర దాళ్వా వరి పాలు పోసుకుంటోందంటే ఒడిశా సరిహద్దు కొండల్లో టర్బైన్లు తిరుగుతున్నట్టే.

కాలువ తర్వాత పంపిణీ కాలువ, ఆ తర్వాత బోదె, ఆ తర్వాత మడవ. మడవ దగ్గర ఇంజనీర్లూ లేరు, లస్కర్లూ లేరు. రైతు, పార. డెల్టా నిర్మాణంలో అన్నిటికన్నా సన్నటి పని ఇక్కడుంది. దమ్ము చేసేటప్పుడు చేలో నీరు నింపుతారు. నీరే మట్టం చెప్తుంది. ఏ మూల మట్టి తేలిందో అక్కడ మెరక, ఎక్కడ నీరు నల్లగా లోతుగా కనిపిస్తుందో అక్కడ పల్లం. తేలిన చోట మట్టి లాగి మునిగిన చోట పోస్తారు. నాలుగు వేళ్ల లోతు నీరు మడంతా ఒకేలా నిలిస్తేనే ఊడ్చిన మొక్క బతుకుతుంది. లోతైతే కుళ్లుతుంది, తేలితే కలుపు ఎక్కుతుంది. ఆ తర్వాత గట్లు చెక్కి, బురద మెత్తి, పీత బొరియలు పూడుస్తారు. ఒక్క బొరియ వదిలేస్తే తెల్లారేసరికి మడి ఎండిపోయి పక్కవాడి మడి నిండుతుంది. మంచి రైతు పారతో గట్టు మెత్తిన తీరు చూస్తే తాపీమేస్త్రి సిమెంటు పూసిన తీరు గుర్తొస్తుంది గానీ, మేస్త్రి పని పాతికేళ్లుంటుంది. రైతుది ఏడాదికి రెండుసార్లు మొదలు.

ఈ పల్లానికి తగ్గ వరిని తయారుచేసిన చోటు కూడా ఇక్కడే ఉంది. తణుకుకి దక్షిణంగా పెనుమంట్ర మండలంలోని మార్టేరు. 1925లో పెట్టిన వరి పరిశోధన కేంద్రం. వరి రకాల ముందు కనిపించే ఎంటీయూ అక్షరాలు ఈ ఊరివే. 1982లో వశిష్ఠ, మషూరి రకాల్ని సంకరం చేసి ఎంటీయూ 7029 విడుదల చేశారు. స్వర్ణ. ఎరువు తక్కువ పడ్డా కంకి వేస్తుంది, వడ్ల రంగు ముదురు బంగారం, పంటకాలం ఐదు నెలలు. డెల్టా సార్వా కోసం చేసిన రకం ఒడిశా, బెంగాలు, బీహారు మీదుగా బంగ్లాదేశ్ దాకా పోయింది. తర్వాత అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఒడిశాకి చెందిన ఒక పాతరకం వరిలోని ముంపుని తట్టుకునే జన్యువుని స్వర్ణలో ప్రవేశపెట్టారు. 2009లో మన దేశంలో విడుదలైన ఆ స్వర్ణ-సబ్1 రెండు వారాలు నీటి అడుగునున్నా మళ్లీ లేస్తుంది. మార్టేరు పని అక్కడితో ఆగలేదు. దోమపోటు తట్టుకునే చైతన్య, విజేత వంటి రకాలొచ్చాయి. ఒక రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు, ఎంటీయూ 1010. ఇంజనీరు పేరు పళ్లెంలోకి వచ్చిన సందర్భం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఇంత వరి పండితే ఊళ్లు దాని చుట్టూనే పెరిగాయి, కాకపోతే ఒక్కో ఊరిది ఒక్కో దారి. తాడేపల్లిగూడెం మెట్టకీ డెల్టాకీ అతుకు మీద ఉంది కాబట్టి అది మొదటి నుంచీ మార్కెట్టు. ఇక్కడ ఉల్లి పండదు, అయినా రాష్ట్రంలో పేరున్న ఉల్లి మార్కెట్టు ఇక్కడే. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలొచ్చి దిగుతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఊరి పక్కనే పడి ఉంది. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015 నుంచి ఎన్ఐటీ. ఏలూరుకి ఉన్ని తివాచీలు, నిమ్మకాయల మార్కెట్టు.

తణుకుది ఇంకో తరహా. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ పూనికతో ఆంధ్రా షుగర్స్ మొదలైంది. కాలువ కింద చెరకు, చెరకు నుంచి పంచదార, పంచదార మడ్డి నుంచి ఆల్కహాలు, అక్కడి నుంచి రసాయనాలు. ఆ రసాయనాల పనితనం ఎంతదాకా పోయిందంటే, పీఎస్ఎల్‌వీ రాకెట్టు రెండో దశలో మండే ద్రవ ఇంధనం తయారయ్యేది తణుకులో. కోళ్ల పరిశ్రమ కూడా ఇక్కడ పెద్దది, గుడ్లు లారీలెక్కి బెంగాలు, అస్సాం పోతాయి. ఈ ఊరి పక్క మండపాకలోనే 1921లో కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ పుట్టాడు. రాకెట్ ఇంధనం, కోడిగుడ్డు, వచన కవిత అన్నీ ఒకే పిన్‌కోడు పరిసరాల్లో.

ఇక కొల్లేరు. డెల్టా పనితనం నిగ్గు తేలేది ఇక్కడే, ఎందుకంటే అందరూ వదిలేసిన నీరు చివరికి చేరేది ఇక్కడికి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా రెండు డెల్టాల డ్రెయిన్లు ఇందులో పడతాయి. బయటికి పోవడానికి దారి ఒక్కటే, దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. మనుషులు కట్టకముందే ఉన్న బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఇది. వరద వస్తే పట్టి ఉంచి, తాపీగా వదులుతుంది. లంక గ్రామాలవాళ్లు, ముఖ్యంగా వడ్డి కులస్థులు, దాని లయకి తగ్గట్టు బతికారు. నీరు ఎక్కితే తాటిదోనెలు, వలలు, మావులు. తగ్గితే అడుగు నేలలో వరి. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలకి చేపల చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్న చేతులు దిగి గట్టు మీద గట్టు కట్టాయి. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువు గట్లు పేల్చారు. అక్కణ్నుంచి ఐదో కాంటూరా, మూడో కాంటూరా అన్న తగువు ప్రతి ఎన్నికల్లోనూ వినపడుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచినప్పుడు ఆ నీరు పోవాల్సింది కూడా కొల్లేరుకే.

చేపల చెరువుని నేను తక్కువ చేయడం లేదు. భీమవరం, ఆకివీడు, కైకలూరుల్లో శీలావతి, బొచ్చె, వెనామీ రొయ్య పెంచే నేర్పు చిన్నది కాదు. తెల్లవారుజామున ఐసు పెట్టెల్లో చేప సర్దుకుని కోల్‌కతా బయల్దేరే లారీల వరస వెనక మేత లెక్క, నీటిలో ఆక్సిజన్ లెక్క, మార్కెట్టు లెక్క అన్నీ ఉన్నాయి. నా అభ్యంతరం ఒక్కటే. కాలువలు తవ్వినవాళ్లు పక్క చేను గురించి ఆలోచించి తవ్వారు. చెరువు తవ్వినవాడు తన గట్టు లోపలి సంగతే చూసుకున్నాడు. ఉప్పునీటి చెరువు పక్కన వరిచేలోకి ఊట దిగుతుంది, చెరువు కడిగిన నీరు డ్రెయినులోకి పోతుంది, ఆ డ్రెయినే దిగువ ఊరికి దిక్కు.

చూడ్డానికి వచ్చేవాళ్లకి చోట్లు చాలానే ఉన్నాయి. పంచారామాల్లో రెండు, భీమవరం సోమారామం, పాలకొల్లు క్షీరారామం, గంట ప్రయాణంలో చూసేయొచ్చు. నరసాపురం లేసు, ఏలూరు దగ్గర పెదవేగిలో వేంగి చాళుక్యుల జాడలు ఉన్నాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకి ఫాల్గుణంలో జాతర. కైకలూరు దగ్గర ఆటపాకకి శీతాకాలంలో వెళ్తే గూడబాతులు గూళ్లు పెట్టుకుని ఉంటాయి. చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీదా కాపురాలు పెట్టేశాయి.

డెల్టా అందం చూడాలంటే అందరూ అక్టోబరులో, చేలు పచ్చగా ఉన్నప్పుడు రమ్మంటారు. పనితనం చూడాలంటే మే నెలలో రావాలి. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక నీరు ఇంకిపోయి లాకు గది అడుగు దాకా కనిపిస్తుంది. నీటి మొనకి ఎదురు నిలిచే గోడ మొదట్లో ఎంత పెద్ద రాయి పెట్టారో, తలుపు ఆనే గడపని ఎలా మలిచారో, దిగువన నీరు పడేచోట రాళ్లని ఎంత దూరం పరిచారో తెలుస్తుంది. పూడిక తీసే యంత్రాలు, తూము తలుపులకి గ్రీజు పెట్టేవాళ్లు, గట్టు అంచు కొలిచే వర్క్ ఇన్‌స్పెక్టర్లు అప్పుడే దొరుకుతారు, అడిగితే ఓపిగ్గా చెప్తారు కూడా. ఎండ దారుణంగా ఉంటుంది, గొడుగు తెచ్చుకోవాలి. జూన్ మొదటి వారంలో విజ్జేశ్వరం దగ్గర నీరు వదిలేస్తారు, ఆపైన మళ్లీ పది నెలలు ఆగాలి.